అక్కకి కంఠతా వచ్చిన నంబరు

కువైట్ నుంచి వచ్చిన పెట్టెలో మా అక్క ఉంది. పెట్టెతో పాటు వచ్చిన సంచిలో నైటీలు, సగం వాడిన కొబ్బరినూనె సీసా, చార్జింగ్ అయిపోయిన ఫోను ఉన్నాయి. కాగితాల్లో గుండె ఆగి చనిపోయిందని రాశారు. గుండె ఆగకుండా చనిపోయినవాళ్ళు ఈ లోకంలో ఎవరైనా ఉంటే చూపించమని అడగాలనిపించింది. ఎవర్ని అడగను? హైదరాబాదు నుంచి రాత్రంతా బండి నడుపుకొచ్చిన అంబులెన్సు డ్రైవరు మా అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. అతన్నా?

పరాయిచోట పోయిన మనిషిని గడప దాటించకూడదని పెదనాన్నగారు ముందే చెప్పారు. పెట్టెను వీధిలోనే షామియానా కింద దించారు. ఏళ్ళ తరబడి చాకిరీ చేసి ఈ ఇంటికి శ్లాబు వేయించిన మనిషికి ఆ శ్లాబు కింద ఒక్క గంట పడుకునే యోగ్యత లేకపోయింది. గొడవ పెట్టుకుందామనుకున్నాను కానీ ఒంట్లో ఓపిక లేక ఊరుకున్నాను. బతికున్నన్నాళ్ళూ "అక్కడేం చేస్తోందో ఎవరు చూడొచ్చేరు" అని మూతి విరిచినవాళ్ళే చుట్టూ చేరి, అలాంటి ఇల్లాలు ఉండదని చెప్పుకుని ఏడుస్తున్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడు అని ఊరికే అనలేదు.

మేకులు ఊడదీసి, ప్లాస్టిక్ కోసి, మొహం వరకూ చూపించారు. మా అక్క మొహమే. రంగు మారిపోయి, పైన ఎవరో తెలియనివాళ్ళు పౌడరు అద్దినట్టుంది. అందరూ ఒక్కసారిగా గొల్లుమన్నారు. అక్క కూతురు మాత్రం ఏడవలేదు. ఆ ఫోనును లోపల చార్జింగ్ పెట్టి, పట్టుకొచ్చి, నా చెవి దగ్గర నోరు పెట్టి, "పిన్నీ, అమ్మ వేలు ఒక్కసారి దీని మీద పెట్టిద్దామా" అంది.

నేనే పెట్టించాను. పెదనాన్నగారు వద్దు వద్దంటున్నా గుడ్డ తప్పించి, చెయ్యి బయటికి తీసి, బొటనవేలు ఫోను మీద అదిమాను. ఐసుపెట్టెలోంచి తీసిన చేపలా ఉంది ఆ వేలు. ఫోను జివ్వుమని వణికి, గుర్తుపట్టలేదని చెప్పింది. ఇంకోసారి అదిమాను. మళ్ళీ అదే మాట. ఆ తర్వాత వేలిముద్ర వద్దు, చుక్కలు కలిపి గీత గియ్యమంది. "శవం దగ్గర ఫోనేంటమ్మా, జనం చూత్తన్నారు" అని ఎవరో విసుక్కున్నారు. చూడనీ అన్నాను. పిల్ల ఫోను తీసుకుని తల్లి చెయ్యి తనే గుడ్డలోపల పెట్టేసింది.

దానికి ఆ ఫోను ఎందుకు కావాలో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. మా బావగారు కొబ్బరి దింపులో చెట్టు మీంచి పడిపోయి చనిపోయాక, పిల్ల బళ్ళో చేరిన కొత్తలోనే అక్క కువైట్ వెళ్ళింది. అక్కడ ఒకరింట్లో వంటపని, పిల్లల పని. ఇక్కడ ముక్తేశ్వరంలో దీన్ని అమ్మా నేనూ పెంచాం. అక్క రోజూ వీడియో కాల్ చేసేది. చేసి ఏం మాట్లాడేదని? తిన్నావా, ఏం కూర, జడ చూపించు, ఇటు తిరుగు, అంతే. చిన్నప్పుడు పిల్ల కూడా గిరగిరా తిరిగి చూపించేది. అమలాపురంలో కాలేజీలో చేరాక విసుగు మొదలైంది. స్నేహితురాళ్ళంతా ఉండగా ఫోన్లో అమ్మ జడ చూపించమంటే ఏ పిల్లకి నచ్చుతుంది? ఒకరోజు కాల్ కట్ చేసి, "ఊరికే చెయ్యకు. పనుంటే నేనే చేస్తా" అని మెసేజ్ పెట్టింది. అమ్మ చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి.

ఆ తర్వాత అక్క నుంచి కాల్ లేదు, మెసేజ్ లేదు. పిల్ల పంతం పట్టి తనూ చెయ్యలేదు. నేను చేస్తే స్విచ్చాఫ్ అని వచ్చేది. ఆ ఇంటివాళ్ళు ఏదో ఊరెళ్తూ వెంట తీసుకుపోయి ఉంటారనుకున్నాను. ఇదివరకు అలా జరిగింది. నెల దాటాక చావు కబురు వచ్చింది.

పెద్దకార్యం అయిన మర్నాడు కంచం ముందు కూర్చుని, అన్నం కలపకుండా అడిగింది.

"పిన్నీ, అమ్మ నా మీద కోపంతోనే పోయిందా?"

"ఛ, కాదే" అన్నాను.

"నీకెలా తెల్సు?"

నాకేం తెలుసు? తెలియనిది తెలిసినట్టు చెప్పడం మా పెద్దవాళ్ళకి అలవాటే. అప్పుడదే చెప్పింది, ఫోన్లో ఏదో ఒకటి ఉంటుందని. రాసి పంపకుండా ఆపుకున్న మెసేజో, రికార్డు చేసుకున్న మాటో. "తిట్టినా పర్లేదు. వినాలి" అంది. అన్నం అలాగే వదిలేసి లేచిపోయింది.

చుక్కల గీతను మేమే కనిపెడదామని మొదట చూశాం. పిల్ల పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషులో గీశాం. బావగారి పేరులోది గీశాం. ఇంటి ఆకారం గీశాం. తప్పయిన ప్రతిసారీ ఫోను ఇంకాస్త ఎక్కువసేపు ఆగమనేది. ఇలా అయితే పూర్తిగా మూసుకుపోతుందని భయం వేసి అమలాపురంలో సెల్‌ఫోన్ల షాపుకి పట్టుకెళ్ళాం.

"లాక్ తియ్యడం ఎంతసేపండీ" అన్నాడు షాపతను. "కానీ తీస్తే లోపలున్నదంతా తుడుచుకుపోద్దండి. ఫోను మిగుల్తాది, మీ అక్కగారు మిగలరు."

ఇంకో దారి లేదా అంటే ఆలోచించి చెప్పాడు. ఫొటోలు, రికార్డింగులు మెయిల్ ఖాతాలో కూడా దాచుకునేలా ఉంటుందట. ఆ మెయిల్ తెరవగలిగితే ఫోను తెరవక్కర్లేదట. మెయిల్ ఐడీ పిల్లకి తెలుసు, కాలేజీ దరఖాస్తులో అమ్మదే ఇచ్చింది. పాస్‌వర్డ్ తెలియదు. మర్చిపోయామని నొక్కితే, ఆ ఖాతాకి ముడిపెట్టిన ఫోన్ నంబరుకి కోడ్ పంపిస్తానంది. నంబరంతా చూపించకుండా చుక్కలు పెట్టి, చివరి రెండంకెలు మాత్రం చూపించింది.

ఆ రెండంకెలు చూడగానే గుర్తుపట్టాను. అది మా అమ్మ నంబరు.

అక్క మొదటిసారి వెళ్ళేముందు అమ్మ ఆ నంబరును ఎక్కం అప్పజెప్పించినట్టు అప్పజెప్పించింది. అక్కడ ఫోను లాక్కుంటారు, పాస్‌పోర్టు లాక్కుంటారు అని వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పేవారు. "ఏం లాక్కున్నా బుర్రలో ఉన్నది లాక్కోలేరే" అనేది అమ్మ. మా వైపు గల్ఫ్ వెళ్ళే ఆడవాళ్ళకి లంగా నాడా పట్టీ లోపల ఇంటి నంబరు దారంతో కుట్టి పంపినవాళ్ళు కూడా ఉన్నారు. అక్కకి అంత అక్కర్లేకపోయింది. అన్నం వారుస్తూ అడిగినా తడుముకోకుండా చెప్పేది. మెయిల్‌కి కూడా ఆ నంబరే ముడిపెట్టుకుంది. నా నంబరు తన ఫోన్లో ఉండేది, పేరు మీద నొక్కడమే తప్ప అంకెలు ఎప్పుడూ చూసి ఎరగదు.

అమ్మ రెండేళ్ళ కిందట పోయింది. అక్కకి సెలవివ్వలేదు. వీడియోలోనే చూసి ఏడ్చింది. మా ఇళ్ళల్లో పోయినవాళ్ళు రోజూ వాడిన వస్తువులు ఉంచుకోరు. చీరలు ఎవరికైనా ఇచ్చేస్తారు, కళ్ళజోడు, చేతికర్ర లాంటివి అస్థికలతో పాటు గోదావరిలో వదిలేస్తారు. అమ్మ తన కీప్యాడ్ ఫోను ఎప్పుడూ బొడ్డులో దోపుకుని తిరిగేది. "అదీ ఆవిడ వస్తువే కదా" అన్నారు పెదనాన్నగారు. ఎవరికీ అభ్యంతరం తోచలేదు. నాకైతే అది ఇంట్లో మోగితే తట్టుకోలేననిపించింది. కళ్ళజోడుతో కలిపి గుడ్డలో మూటకట్టి ముక్తేశ్వరం రేవులో వదిలేశాం. సిమ్ తియ్యాలని ఒక్కళ్ళకీ తట్టలేదు. రీచార్జ్ చెయ్యని నంబరు కొన్నాళ్ళకి ఇంకొకరికి వెళ్ళిపోతుందని కూడా అప్పుడు తెలియదు.

"ఆ సిమ్ ఎక్కడుందండీ?" అని షాపతను అడిగాడు. గోదాట్లో ఉందన్నాను. నవ్వబోయి, నా మొహం చూసి మానేశాడు.

అక్కడే నిలబడి ఆ నంబరుకి ఫోన్ చేశాను. నా ఫోన్లో ఇంకా అమ్మ అనే ఉంది. మోగింది. ఎవరో పెద్దాయన ఎత్తి, "ఎవరండీ?" అన్నారు. తెర మీద అమ్మ అని కనిపిస్తుండగా లోపల్నుంచి మగగొంతు పలికితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. మా అక్క కువైట్లో పోయింది, మీకో కోడ్ వస్తుంది, అది నాకు చెప్పాలి అన్నాను. అంటుండగానే నా మాటలు నాకే దొంగమాటల్లా వినిపించాయి.

"చాల్లెండమ్మా" అన్నారాయన. "పోలీసోళ్ళు మైకేసి మరీ చెప్పేరు, ఎవరడిగినా ఓటీపీ చెప్పొద్దని. ఇప్పుడు చచ్చిపోయినోళ్ళ పేరు చెప్పి కూడా అడుగుతున్నారా? పాపం తగుల్తాదమ్మా." పెట్టేశారు.

మళ్ళీ చేశాను. నా నోరు మంచిది కాదు. నాలుగు మాటలన్నాను. పిల్ల పక్కనుంచి చెయ్యి పట్టి లాగుతున్నా ఆగలేదు. ఆయన అంతా విని, నెమ్మదిగానే సమాధానం చెప్పారు. "నిజంగా అంత అవసరమైతే మనిషే వత్తారు కదండీ. దొంగోళ్ళయితే రారు. మాది కె.గంగవరం. రండి, మొహాలు చూసుకుని మాటాడుకుందాం."

కె.గంగవరం అంటే మాకు గోదావరి అవతలి ఒడ్డు. మర్నాడు ముక్తేశ్వరం రేవులో ఏరు దాటించే పంటు ఎక్కాం. మోటారు సైకిళ్ళ మధ్య, మేకల మధ్య నిలబడి, అమ్మని కలిపిన నీళ్ళ మీదుగా దాటి కోటిపల్లిలో దిగాం. చేతిలో అక్క మరణ ధ్రువపత్రం, పాస్‌పోర్టు, అమ్మా అక్కా కలిసి దిగిన ఫొటో ఉన్నాయి. దొంగలం కామని రుజువు చేసుకోవడానికి ఎన్ని కాగితాలు కావాలో అన్నీ సర్దుకున్నాను. అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. పిల్ల దారి పొడుగునా నా చెయ్యి వదల్లేదు.

ఆయన ధాన్యం పండించే రైతు. వసారా నిండా బస్తాలున్నాయి. కాగితాలు తీసి ఇవ్వబోతే అందుకోలేదు. పిల్ల మొహం వంక చూసి, "కూర్చోండమ్మా. నిన్న తొందరపడి అనేసేను, ఏమనుకోకండి" అన్నారు. ఆయన భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగేదాకా ఆయన ఫోను ముట్టుకోలేదు.

కోడ్ వచ్చింది. ఆయన ఫోనును కళ్ళకి దూరంగా పట్టుకుని ఒక్కొక్క అంకే చదివారు. పిల్ల తన ఫోన్లో కొట్టింది. తెరుచుకుంది.

అన్నీ దాని ఫొటోలే. వీడియో కాల్లో మాట్లాడుతూ మాట్లాడుతూ అక్క తెర మీద నొక్కి తీసుకున్నవి. ఒకదాంట్లో సగం చెంప, ఒకదాంట్లో మా ఇంటి ఫ్యాను, ఒకదాంట్లో మూసుకుపోయిన కళ్ళు. జడలైతే లెక్కే లేదు. రిబ్బను జడలు, పూలజడలు, పరీక్షల రోజు వేసుకున్న వదులు జడలు. మధ్యమధ్య ఆ ఇంటి పిల్లలు, ఒక వంటగది, గిన్నెలతో నిండిన సింకు. పిల్ల జరుపుకుంటూ పోయింది. చివరి ఫొటోలో అది కాలేజీ మెట్ల మీద ఉంది. నుదురు చిట్లించి, కట్ చెయ్యడానికి వేలు దగ్గరికి తెస్తోంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఫొటో లేదు, మాట లేదు, రాత లేదు.

"చూసేవా" అంది నాతో. "అక్కడితో ఆపేసింది."

ఆ గొంతులో ఏడుపు లేకపోవడానికే నాకు భయం వేసింది. ఏదో సర్దిచెప్పబోయాను. ఇంతలో పెద్దాయన, "మీ అక్కగారు కువైట్లో అన్నారు కదండీ. ఈ నంబరు ఇదివరకు ఎవరిది?" అని అడిగారు.

మా అమ్మదండీ, పోయింది అన్నాను.

ఆయన కండువా తీసి మొహం తుడుచుకున్నారు.

"చెప్పకుండా మిమ్మల్ని పంపేయొచ్చండి. పంపితే నాకు నిద్ర పట్టదు" అన్నారు. "మొన్న సార్వా వరి కోతలప్పుడు బయటిదేశం నంబరు నుంచి ఎవరో ఆడమనిషి చేసేది. ఏడ్చేది. మా వాడు ఇవి దొంగ కాల్సని బ్లాకులో పెట్టేసేడండి. ధాన్యం కొనేవాళ్ళు ఫోన్లో ఒక రేటు చెప్పి కళ్ళంలో ఇంకోటి అంటన్నారని, అన్ని కాల్సూ రికార్డయ్యేలా పెట్టేడు వాడే. ఉంటాదేమో చూడండి."

కొడుకు ఇంట్లో లేడు. ఆయనకి వెతకడం రాదు. ఫోను పిల్ల చేతికిచ్చారు. నేను ముందు వింటానే, నాకియ్యి అన్నాను. ఇవ్వలేదు.

ఆ పొడుగు నంబరు మీద రెండు రికార్డింగులున్నాయి. మొదటిదాంట్లో మా అక్క "హలో, హలో" అంది. "రాంగు నంబరమ్మా" అని ఆయన పెట్టేశారు. పిల్ల వెంటనే రెండోది నొక్కింది.

"పెట్టేయకండి బాబూ, మీకు దణ్ణం పెడతాను. ఇది మా అమ్మ నంబరండీ. అమ్మ లేదు, నాకు తెల్సు. ఫోను ఎవరి దగ్గరుందో వాళ్ళకివ్వండి. నాకీ నంబరొక్కటే వచ్చండీ."

"కాదమ్మా, మాది గంగవరం. నువ్వెవరో..."

"నా ఫోను లాగేసుకున్నారండీ. ఇది పక్కింట్లో పనిచేసే ఆవిడది. జ్వరం తగ్గట్లేదండీ, ఆసుపత్రికి తీసికెళ్ళట్లేదు. మా చెల్లికి చెప్పండి. మా పాప చెయ్యొద్దంది, అందుకే అమ్మ అలిగిందనుకుంటాది. నేనలగలేదని చెప్పండి బాబూ. అలగలేదని ఒక్క మాట..."

వెనకనుంచి ఇంకో గొంతు, "నాన్నా, అలాగే ఏడుత్తారు వాళ్ళు. ఇప్పుడు డబ్బులు పంపమంటాది చూడు. పెట్టెయ్" అంది. అక్కడితో ఆగిపోయింది.

మా అక్క డబ్బులు అడగలేదు. రెండు మాటలు చెల్లికి చేర్చమంది. చేరి ఉంటే ఇల్లమ్మి అయినా అక్కని బతికుండగా తెచ్చుకునేవాళ్ళం. ఆ కొడుకుని తిట్టాలని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. మా ఇంటికి అలాంటి ఫోనొస్తే నేనూ ఆ మాటే అంటాను, ఇంకా గట్టిగా అంటాను.

పిల్ల అక్కడితో ఆపలేదు. ఫోను అడ్డుకున్న కాల్స్ ఉండే చోటు తెరిచింది. మోగకుండానే ఆగిపోయినవి. అదే నంబరు. వేలితో కిందికి జరిపితే అదే నంబరు, ఇంకా జరిపితే అదే నంబరు. పొద్దున్నవి, మధ్యాహ్నానివి. అన్నిటికన్నా చివరిది, కాగితంలో రాసిన చావు తేదీకి ముందురోజు సాయంత్రానిది. ఆ వేళప్పుడు ఇక్కడ నేను వంకాయలు తరుగుతూనో, పిల్లని చదువుకోమని కేకలేస్తూనో ఉండి ఉంటాను.

అప్పుడు ఏడ్చింది పిల్ల. పెట్టె తెరిచిన రోజు ఏడవాల్సిందంతా ఆ పరాయివాళ్ళ వసారాలో ఏడ్చింది. నేను పట్టుకున్నాను కానీ నా పట్టుకి ఆగలేదు. తలుపు దగ్గర ఆయన భార్య కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన లేచి నిలబడి, దాని ఎదుట చేతులు జోడించి, "నాదే పాపమమ్మా" అన్నారు. కాదండీ అనాలి, మర్యాదకైనా అనాలి. నేను అనలేకపోయాను.

ఎంతోసేపటికి పిల్ల మొహం తుడుచుకుని ఫోను ఆయన చేతికి తిరిగి ఇచ్చింది.

"ఆ నంబరు బ్లాకులోంచి తీసెయ్యండి తాతగారూ."

ఇంకెందుకమ్మా అని ఆయన అనలేదు. కళ్ళజోడు తెచ్చుకుని, ఎక్కడ నొక్కాలో దాన్నే అడిగి, నొక్కారు.

"తీసేసేనమ్మా."

"ఆయ్" అంది పిల్ల.

పంటు ఆపేసే వేళవుతోందని నేను ఎంత లేపినా లేవలేదు. ఆయన బల్ల మీద పెట్టిన ఆ ఫోనుకి ఎదురుగా అలాగే కూర్చుంది.